మెట్ల మీద ఏడుగురు

ఇలా రా అమ్మలూ, నా పక్కన కూర్చో. ఆ దిండు వీపుకి ఆనించుకో. మధ్యలో లేచి వెళ్ళే కథ కాదిది, అలాగని ఏడిపించే కథా కాదు. మన బజారు ఒకప్పుడు తగలబడిపోయిందని నువ్వు బళ్ళో చదువుకునే ఉంటావు. ఏ సంవత్సరమో, ఎన్ని కొట్లు పోయాయో, ఎన్ని గంటలు మండిందో అన్నీ మీ పుస్తకంలో వేశారట. నాకు చదువు అంతంత మాత్రమే గానీ జ్ఞాపకానికి లోటు లేదు. ఆ పుస్తకంలో లేని సంగతి ఒకటి చెబుతాను. అది మంట దగ్గర మొదలవలేదు. మంటకి ఏడాది ముందు, ఒక వంటింటి గట్టు మీద మొదలైంది.

ఆ పొద్దున పెన్సిలమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. బజారంతా ఆమెని పెన్సిలమ్మ అనే పిలిచేది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేది మరి, సూదిమొనలా చెక్కిన పెన్సిలు. అదెందుకో ఎవరికీ తెలియదు. పిల్లకి పాఠాలు చెప్పుకుంటుంది కాబోలు అనుకునేవాళ్ళు. ఆమె భర్త స్టూడియో ఆయన. బజారు మధ్యలో, మేడ మీద, ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క ఫొటో స్టూడియో ఆయనది. పెళ్ళయినా, ఉద్యోగానికి అర్జీ పెట్టుకోవాలన్నా, ముసలాయన పోయేలోగా ఒక గుర్తు ఉండాలన్నా అందరూ ఆ మేడ మెట్లే ఎక్కాలి. ఆయన తీసిన ఫొటోలో ఎవరైనా పదేళ్ళు చిన్నగా కనిపించేవారు. అందుకే ఆయనకంత పేరు.

ఆ పదేళ్ళూ తగ్గించేది పెన్సిలమ్మ.

నీకు తెలియదులే, మీకంతా ఫోనుల్లోనే అయిపోతుంది. అప్పట్లో ఫొటో అంటే ముందు నెగటివు. అందులో లోకమంతా తిరగబడి ఉంటుంది. నల్లజుట్టు తెల్లగా, తెల్లచొక్కా నల్లగా. కంటికింద నల్లటి గుంట ఉంటే నెగటివులో అక్కడ ఖాళీగా, వెలుగు దూరేలా ఉంటుంది. ఆ ఖాళీని పెన్సిలు మొనతో చుక్క పక్కన చుక్క పెట్టి పూడిస్తే, కాగితం మీదికి వచ్చేసరికి గుంట మాయమైపోతుంది. ఒక మొహానికి కొన్ని వందల చుక్కలు. చెయ్యి వణికిందా, మొహం మీద మసూచి లేచినట్టే. వంటింటి కిటికీ దగ్గర ఏటవాలుగా ఒక చట్రం, దాని కింద ఎండని పైకి కొట్టే చిన్న అద్దం, కంటికి భూతద్దం. పప్పు ఉడికే లోపు ఒక పెళ్ళికూతురు, అన్నం వార్చాక ఒక తాతగారు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి.

ఇంట్లో దాన్ని పని అనేవాళ్ళు కాదు. "ఇది కూడా చూసెయ్యి" అనేవాడు స్టూడియో ఆయన, నెగటివుల కవరు గట్టు మీద పడేసి. 'చూడ్డం' అనేవాడు దాన్ని. అత్తగారైతే, "మావాడు రోజంతా నిలబడి తీస్తే, నువ్వు నీడపట్టున కూర్చుని పెన్సిలు తిప్పుతావు. అదృష్టం అంటే నీదేనే!" అనేది. మెడ పట్టేసి ఒక రోజు పెన్సిలమ్మ లేవలేకపోతే, "కూర్చుంటే మెడ పడుతుందా ఎక్కడైనా?" అని విడ్డూరపోయింది కూడా. అత్తగారు చెడ్డదేం కాదు. తనకి ఎవరూ ఏ పనికీ పేరు పెట్టలేదు, అందుకని కోడలి పనికి పేరు పెట్టడం ఆమెకి రాలేదు, అంతే.

అత్తగారి గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకి వెళ్తాను. ఆవిడ గడ్డం మీద ఉలవగింజంత పులిపిరి ఉండేది. ఒకసారి తన ఫొటో తీయించుకుంటూ, "అది తీసెయ్యవే కోడలా" అంది. పెన్సిలమ్మ తీసేసింది. ఫొటో వచ్చాక ఆవిడ చూసుకుని, చూసుకుని, "ఎవరే ఈవిడ?" అంది. "రేపు నేను పోయాక దీన్ని గోడకి తగిలిస్తే, ఎవరి అత్తగారో మనింట్లో వేలాడుతోంది అనుకుంటారు. నా పులిపిరి నాకు పెట్టెయ్యి!" రంగులవాళ్ళు వాడే టర్పెంటైనులో దూది ముంచి నెగటివు మీద ఒక్క రుద్దు రుద్దితే చుక్కలన్నీ పోయి పులిపిరి తిరిగి వచ్చింది. కిందున్న బొమ్మ చెక్కుచెదరదు, పోయేది పైన పెట్టిన పెన్సిలే. ఆ రోజు అత్తాకోడళ్ళు కడుపుబ్బ నవ్వుకున్నారు.

సరే, ఉల్లిపాయల దగ్గరికి వద్దాం. ఆ పొద్దున స్టూడియో ఆయన కవరు పడెయ్యలేదు. తువ్వాల్లో చుట్టిన గాజు నెగటివు, పిల్లలు రాసుకునే పలకంత ఉంది, జాగ్రత్తగా గట్టు మీద పెట్టాడు. పెద్ద కెమెరాతో తీస్తే అప్పుడింకా గాజే. బజారు సంఘానికి ఇరవై అయిదేళ్ళు నిండాయని క్యాలెండరు వేయిస్తున్నారు. దానికోసం ఎదురు మేడ ఎక్కి బజారంతా ఒక్క ఫొటోలో పట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరికి కొట్లు, కొట్ల ముందు పొడుగునా తెల్లటి రాతి మెట్లు, మెట్ల నిండా పొద్దుటెండ.

"మెట్ల మీద మనుషులున్నారు చూడు. ఏడుగురు. తీసెయ్యాలి" అన్నాడు.

"మనుషుల్నా?"

"మనుషులంటే, మెట్ల మీద సామాను పరుచుకునే ఆడవాళ్ళేగా. ప్రెసిడెంటు గారు చూసి మొహం చిట్లించాడు. పై ఊళ్ళవాళ్ళు చూసే క్యాలెండరండీ, సంతలా ఉంటే ఎలా అన్నాడు. వారంలో ఇచ్చేస్తానని చెప్పాను."

"ఇచ్చేస్తానన్నారా?"

"మరేమనాలి? ఇస్తామనా?" నవ్వి, చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు.

సంఘానికి ప్రెసిడెంటు బట్టల కొట్టు పెద్దాయన. బజారులో అన్నిటికంటే పెద్ద కొట్టు, అన్నిటికంటే పెద్ద గొంతు ఆయనవే. ఆయన మాట కాదంటే బజారులో అద్దెకి ఉండటం కష్టం.

పెన్సిలమ్మ ఏడు రోజులు కూర్చుంది. మొహం మీద ముడత తీసినంత తేలిక కాదుగా మనిషిని తీయడం. తెల్లటి మెట్ల మీద నల్లగా పడ్డ మనిషి నెగటివులో ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని తెల్లరాయి అయ్యేదాకా పూడ్చాలి. రాయికి మచ్చలు పెట్టాలి, రాయికి రాయికి మధ్య సందు గీయాలి. అంతకంటే ముందు, ఎవరిని తీసేయాలో ఆ మనిషిని వేలెడు మేర వదలకుండా చూడాలి. అదే వచ్చింది చిక్కు. వాళ్ళ దగ్గర చీపుర్లు కొంది, గుండీలు కొంది, ఒక్క నాడూ ఇంతలా చూడలేదు. చీపుర్ల మామ్మకి మోకాలు వంగదని, ఎడమకాలు బారజాపుకుని కూర్చుంటుందని భూతద్దంలో చూసేదాకా తెలియదు. గుండీలక్క నోరు తెరిచి ఉంది, కేకేస్తోందో నవ్వుతోందో. మూడో ఆమె ఒక దువ్వెనని ఎండకి ఎత్తిపట్టి, పళ్ళు విరిగాయేమో చూస్తోంది. ఆ చెయ్యి తీసేటప్పుడు పెన్సిలు మొన రెండుసార్లు విరిగిందట. వీళ్ళు కూర్చునే పని చేస్తున్నారు, నేనూ కూర్చునే పని చేస్తున్నాను, కూర్చున్న ఆడదాని పని ఎవరికీ కంటికి ఆనదు కాబోలు అనుకుందట. అనుకుంటూనే చుక్కలు పెట్టిందట. నిజం చెప్పాలి కదా, ఏడో రోజున మెట్లు కడిగినట్టు తెల్లగా కనిపిస్తే ఆమెకి గర్వంగానే ఉంది. ఎక్కడా అతుకు తెలియలేదు. అంత పని ఈ చుట్టుపక్కల చేసేవాళ్ళు ఇంకొకరు లేరని ఆమెకి తెలుసు. "పర్లేదు" అన్నాడు స్టూడియో ఆయన. ప్రెసిడెంటు మాత్రం అందరి ముందు, "మీ చెయ్యి బంగారమండీ" అన్నాడట ఆయనతో. ఆయన ఆ చెయ్యి చూసుకుని నవ్వాడట. ఈ సంగతి కూడా ఆయనే ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు.

క్యాలెండరు ఇంటింటికీ చేరింది. ఒక రోజు పెన్సిలమ్మ బజారు మెట్ల మీదుగా వస్తుంటే, దువ్వెనలావిడ పిలిచింది. ఆ దువ్వెనలావిడే మా అమ్మ. నాకప్పుడు పదేళ్ళు, పక్కనే ఉన్నాను.

"ఏం స్టూడియో అమ్మా, మీ ఆయన ఎదురు మేడ మీద పెద్ద పెట్టె పెట్టుకుని నిలబడ్డప్పుడు మేమంతా ఇక్కడే ఉన్నాం కదా! గుండీలది జుట్టు కూడా సర్దుకుంది పాపం. క్యాలెండర్లో మా జాడే లేదే?"

పెన్సిలమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండ కేసి చూసింది. "ఎండ మరీ ఎక్కువ పడింది అక్కా. వెలుగులో కలిసిపోయారట" అంది.

మా అమ్మ నవ్వింది. "ఎండ మా మీద పడకపోతే ఇంకెవరి మీద పడుతుందిలే. పోనీ, వచ్చే ఏడాది నీడలో తియ్యమను."

ఆ నవ్వు చూశాక, తిట్టినా బాగుండేది అనుకుందట పెన్సిలమ్మ. తర్వాత్తర్వాత, నేను పెద్దయ్యాక, ఇవన్నీ తనే నాకు చెప్పింది.

ఏడాది తిరిగింది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. దీపాల కొట్టులో చిల్లులకి ఇత్తడి మాటు వేసే పొయ్యి నుంచి రవ్వ లేచింది. పక్కన నూనె డబ్బాలు, పైన కర్ర మేడ. ఆపైన ఎక్కడ లేని గాలి ఆ రోజే వీచింది. మనుషులు బావి చేదలతో, బిందెలతో వరస కట్టారు గానీ, అప్పటికే నిప్పు ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి నడిచిపోతోంది, పరిగెత్తను కూడా లేదు, తాపీగా, సొంతదారులా. నూట పన్నెండు కొట్లు. ఒకటిన్నర రోజు మండింది. బజారు కాపలా ముసలాయన గేట్ల గొలుసులు తీసి అందరినీ బయటికి పంపి, తను తాళాల గుత్తి కోసం వెనక్కి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆయన గురించి మీ పుస్తకంలో రాశారో లేదో చూడు.

స్టూడియో గంటలో అయిపోయింది. ఫిల్మికి మంటంటే ఆకలిగా ఉంటుంది కాబోలు, బీరువాలకి బీరువాలు బుసబుసమంటూ కాలాయి. ఊరి మొహాలన్నీ అందులోనే ఉన్నాయి. స్టూడియో ఆయన ఎదురుగా రాతి మీద కూర్చుని, "ఇరవై ఏళ్ళ నా పని" అని ఏడ్చాడు. పెన్సిలమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఇరవై ఏళ్ళ 'నా పని' అని తను కూడా అనుకుంది గానీ, ఏడుస్తున్న మనిషి దగ్గర మాట దిద్దడం ఏం బాగుంటుందని ఊరుకుంది.

మిగిలింది ఏమిటంటే, దిద్దడానికి ఇంటికి వచ్చి వంటింటి రేకుపెట్టెలో ఉన్న పద్నాలుగు నెగటివులు. వాటిలో గాజు పలక ఒకటి. ప్రెసిడెంటు కొట్టుకి కొత్త బోర్డు రాయించాడు, రాబోయే క్యాలెండర్లో ఆ అక్షరాలు సరిచేయాలని దాన్ని మళ్ళీ ఇంటికి పంపారు. అలా బతికింది.

బూడిద చల్లారాక, ఊరిపెద్దలు కొత్త బజారు కడతామన్నారు. కొట్లకి పత్రాలున్నాయి కాబట్టి కొట్ల వాళ్ళకి కొట్లు. మంటకి ముందు మెట్ల మీద అమ్ముకునే వాళ్ళకి తలా ఒక రాతి అరుగు, కప్పుతో సహా. అందుకని ఒక అధికారి వచ్చాడు. కళ్ళద్దాల మనిషి, మర్యాదస్తుడు. "మీరు అక్కడ కూర్చునేవారని ఏదైనా ఆధారం చూపించండమ్మా" అన్నాడు.

ఏం చూపిస్తారు? రోజూ పొద్దున బజారు రుసుం కట్టించుకుని ఇచ్చే చీటీ సాయంత్రానికి చెత్తలో పడేసేవాళ్ళు. చీపుర్ల మామ్మ, "నాయనా, నలభై ఏళ్ళు కూర్చున్న చోట రాయి అరిగి గుంట పడింది, చూసుకో" అంది. రాయి కూడా మంటకి పగిలిపోయిందని ఆమెకి తట్టలేదు. సంఘం వాళ్ళు మాత్రం క్యాలెండరు తెచ్చి బల్ల మీద పరిచారు. మెట్లు తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. "ఎవరో వస్తుంటారు, పోతుంటారండీ. స్థిరంగా ఎవరూ లేరు. ఇదిగో చూడండి" అన్నాడు ప్రెసిడెంటు. అధికారి చూశాడు. "ఫొటో అబద్ధం చెప్పదు కదమ్మా" అన్నాడు, పాపం నిజంగా బాధపడుతూనే. గురువారం పొద్దున బళ్ళో ఆఖరి విచారణ, ఈలోగా ఇంకేదైనా దొరికితే తెమ్మన్నాడు.

ఆ బుధవారం సాయంత్రం మా అమ్మ, గుండీలక్క కలిసి స్టూడియో ఆయన ఇంటికి వచ్చారు. నన్నూ వెంట తెచ్చింది అమ్మ.

"అయ్యా, ఇంకో ఫొటో ఏదైనా ఉందా? మేము పడింది? సగం పడినా చాలు, చెయ్యో కాలో" అంది అమ్మ.

"నా చెయ్యి చాలా మంది గుర్తుపడతారు. అందరికీ చిల్లర తిరిగిచ్చింది అదే" అంది గుండీలక్క, నవ్వించబోయి.

స్టూడియో ఆయన నేల చూస్తూ, "అన్నీ కాలిపోయాయమ్మా" అన్నాడు. పెన్సిలమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ మా అమ్మ ఆమె వేళ్ళు చూసింది. చూపుడు వేలు, బొటనవేలు కొసలకి పెన్సిలు సీసపు మసి అంటుకుని మెరుస్తోంది. "ఈ మసి కడిగినా పోదా అమ్మా?" అంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

తలుపు వేశాక స్టూడియో ఆయన గొంతు తగ్గించి, "సంఘం వాళ్ళు మనకి మూల కొట్టు రాసిస్తామన్నారు. రెండు వీధుల మీదికి తలుపులు. ఫొటోలకి పనికొచ్చే ఉత్తరపు వెలుగు. నువ్వు ఏం చెయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు" అన్నాడు.

"చెయ్యాల్సింది చేసేశానుగా" అంది ఆమె.

"ఏంటి?"

"ఏం లేదు. పెరుగు వెయ్యనా?"

ఆయనకి పెరుగు వేస్తూ, పొయ్యి తుడుస్తూ, పక్కలు పరుస్తూ ఆమె ఆలోచించిందట. అబద్ధం ఎవరిది? అడిగింది ప్రెసిడెంటు. ఒప్పుకుంది భర్త. తను ఒట్టి చెయ్యి. ఒట్టి చేతికి పాపం అంటదనుకుంటే, ఇన్నాళ్ళూ ఆ పని నాది, నా పనే, అని లోలోపల పోట్లాడిన మాట ఏం కాను? పొగడ్త వచ్చినప్పుడు నాది, తప్పు వచ్చినప్పుడు వాళ్ళది అంటే, నేనూ ఆయనలాగే నవ్వుతూ ఎవరి చెయ్యో చూసుకున్నట్టు కాదా? పని నాదయితే అన్నీ నావే. పని నాది కాకపోతే ఈ ఇరవై ఏళ్ళు నేను ఎవరిని? మూల కొట్టు పోతుంది, సరే. ఇంట్లో గొడవ అవుతుంది, సరే. పిల్ల చదువు ఒక్కటే కాస్త ఆపింది ఆమెని. తర్వాత చీపుర్ల మామ్మ బారజాపిన కాలు గుర్తొచ్చింది. ఆ కాలు చాపుకోవడానికి ఆ ముసలిదానికి ఇంత చోటు కావాలి, అంతే కదా అనుకుంది. నువ్వేమైనా పెద్ద పెద్ద మాటలు అనుకుందనుకుంటావేమో, అంతకంటే ఏం అనుకోలేదట.

గురువారం పొద్దున ఆయనకి అన్నం పెట్టింది. సంఘం తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆమె గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, రేకుపెట్టె తెరిచింది. గాజు పలకని తువ్వాల్లో చుట్టుకుంటుంటే అత్తగారు వచ్చింది.

"పలక పట్టుకుని ఎక్కడికే?"

"బడికి."

"ఈ వయసులోనా!" అంది అత్తగారు. తర్వాత కోడలి చేతిలో టర్పెంటైను సీసా, దూది చూసింది. తన గడ్డం మీద పులిపిరి ఒకసారి తడుముకుంది. "వాడికి కోపం వస్తుంది" అంది.

"వస్తుంది."

"మధ్యాహ్నం అన్నం నేను వార్చుకుంటాలే. గాజు జాగ్రత్త, మెల్లిగా నడువు."

బడి హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరసలో సంఘం, గోడ వారగా ఆడవాళ్ళు. స్టూడియో ఆయన అప్పుడే లేచి, క్యాలెండరు ఫొటో తీసింది నేనే, ఫలానా రోజు పొద్దున అని చెప్పి కూర్చున్నాడు. అబద్ధం ఒక్క ముక్క ఆడలేదు, అడగనిది చెప్పలేదు, అంతే. అధికారి కలం తీసుకుని ఏదో రాయబోతున్నాడు.

"సార్, ఫొటో అబద్ధం చెప్పదు. నేను చెప్పాను" అంది పెన్సిలమ్మ గుమ్మంలోంచి.

అందరూ తిరిగి చూశారు. నలుగురిలో ఆమె గొంతు లేవడం ఎవరూ అంతకు ముందు వినలేదు. అధికారి కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవరమ్మా మీరు?"

ఆమె జవాబు చెప్పేలోగా స్టూడియో ఆయన లేచాడు. "మా ఇంట్లోదండీ. ఆమెకేం తెలియదు. పదవే ఇంటికి" అన్నాడు.

ఆమె కిటికీ దగ్గరికి నడిచి, తువ్వాలు విప్పి, గాజుని వెలుగుకి ఏటవాలుగా పట్టింది. "ఇక్కడ చూడండి సార్. ఇలా వంచితే మెరుస్తోంది కదా, అదంతా పెన్సిలు సీసం. రాయి కాదు. మెట్ల పొడుగునా ఏడు చోట్ల ఉంది. ఒక్కో చోట ఒక్కో మనిషి."

అధికారి వచ్చి వంగి చూశాడు. ప్రెసిడెంటు కూడా వంగి చూశాడు. నిటారుగా లేచి, "ఎవరు చేశారిది?" అని స్టూడియో ఆయన మీద గుడ్లురిమాడు, తను అడగనట్టే. అధికారి కూడా అదే ప్రశ్న ఆయన్నే అడిగాడు. తప్పుడు ఆధారం అంటే కేసు అవుతుందని కూడా అన్నాడు, మెల్లిగానే.

స్టూడియో ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వేలెత్తి పెన్సిలమ్మ కేసి చూపించాడు. "ఆ దిద్దుడు పనంతా ఆవిడదే సార్. నేను పెన్సిలు పట్టనే పట్టను. మొదట్నుంచీ అన్ని ఫొటోలూ దిద్దేది ఆవిడే!"

ఇరవై ఏళ్ళుగా ఆ మాట కోసం ఆమె చెవి కాచుకుని ఉంది అమ్మలూ. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఎవరో ఒకరు ఫొటో మెచ్చుకున్నప్పుడల్లా ఇప్పుడంటాడేమో అని చూసేది. చివరికి అన్నాడు, ఊరందరి ముందు, గట్టిగా, తప్పించుకోవడానికి. ఆమెకి కోపం రాలేదట. "అవును సార్, రాసుకోండి" అంది.

అధికారి రాసుకున్నాడు. "సరేనమ్మా, ఎవరో ఏడుగురు ఉన్నారనే అనుకుందాం. వీళ్ళేనని ఎలా?"

ఆమె దూది టర్పెంటైనులో ముంచింది. హాలంతా ఆ వాసన. కిటికీ చట్రానికి గాజు ఆనించి, ఎడమ చివర మొదలుపెట్టి, గుండ్రంగా, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. మసి దూదికి వచ్చేసింది. గాజులో ఆ మేరకి ఖాళీ పడి, అవతలి ఎండ ఇవతలికి వచ్చింది. బారజాపిన ఎడమకాలు, వంగిన నడుం. మనిషంతా వెలుగే.

"చీపుర్ల మామ్మ" అంది పెన్సిలమ్మ.

"నా కాలే!" అంది మామ్మ వెనకనుంచి. "ఈ పాడు కాలు ఇంకెవరికుంది!" హాలంతా గొల్లున నవ్వింది.

ఇంకో దూది. "గుండీలక్క. నోరు తెరిచి ఉంది." "అది ఎప్పుడు మూసింది గనక" అన్నారెవరో. ఇంకో దూది. ఎత్తిపట్టిన చెయ్యి, చేతిలో దువ్వెన, పళ్ళతో సహా. మా అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. నాలుగు, అయిదు, ఆరు. ఏడో ఆమె సాన పట్టే వదిన, చక్రం మీద కాలు. సంఘం వరసలో తాళాల కొట్టాయన తెలియకుండానే "అవును, మా కొట్టు ముందే" అనేసి, ప్రెసిడెంటు చూపుకి నాలిక కరుచుకున్నాడు. అధికారి ఆ ముక్క కూడా రాసుకున్నాడు. ఆ నెగటివుతో కొత్త ఫొటో ఒకటి తీసి దాఖలు చేయమని స్టూడియో ఆయనకే పురమాయించాడు.

బయటికి వచ్చాక అందరూ పెన్సిలమ్మని ఎత్తుకుని ఊరేగించారనుకున్నావా? మా అమ్మ ఆమెకి అడ్డంగా నిలబడింది. "ఎండ అన్నావు" అంది.

"అన్నాను అక్కా."

"వచ్చే ఏడాది నీడలో తియ్యమన్నాను నేను. వెర్రిదానిలా నవ్వాను కూడా."

"నవ్వావు."

"మమ్మల్ని తుడిచేయడానికి ఎన్నాళ్ళు పట్టింది నీకు?"

"ఏడు రోజులు. నీకే రెండు రోజులు పట్టింది, ఆ దువ్వెన వల్ల."

మా అమ్మ ఆమె మొహం కేసి చూసింది. "అందంగా తుడిచావు, ఎవరికీ తెలియకుండా" అని, నా చెయ్యి పట్టుకుని చరచరా వెళ్ళిపోయింది. నెల పైన మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. ఎలా మొదలైందో నాకు తెలియదు, ఒక రోజు చూసేసరికి ఇద్దరూ ఒకే గ్లాసు టీ పంచుకుంటున్నారు.

అరుగులు ఏడూ వచ్చాయి, కేసు దాకా మాత్రం పోలేదు. మూల కొట్టు పోయింది. స్టూడియో ఆయనకి ఆఖరి వరసలో, పడమటి వైపు కొట్టు ఇచ్చారు. ఆయన తొమ్మిది రోజులు భార్యతో మాట్లాడలేదు. ఆ తొమ్మిది రోజులూ అత్తగారే ఆయనకి వడ్డించింది, ఉప్పు తక్కువేసి మరీ. పదో రోజున ఆయన ఎప్పట్లాగే ఒక కవరు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. "ఇవి కూడా చూసెయ్యి" అన్నాడు గోడతో.

పెన్సిలమ్మ చేతులు కడుక్కుంది. కవరు తీసి ఆయన సైకిలు బుట్టలో పెట్టింది. "ఇవి కొట్లో ఉంచండి. పదింటికి అక్కడికే వస్తాను. తలుపు పక్కన కిటికీకి నా బల్ల వేయించండి. అయిదింటికి ఇంటికొచ్చేస్తాను. ఇకమీదట వంటింట్లో వంటే" అంది.

"నలుగురూ చూస్తారే!"

"చూడనివ్వండి."

బల్ల వేయించాడు. నేను బడి నుంచి వస్తూ రోజూ చూసేదాన్ని, తలుపు పక్కన ఆమె, భూతద్దం, పెన్సిలు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. "ఓహో, ఈ చెయ్యేనా మా పెళ్ళిఫొటో దిద్దింది!" అని ఒకాయన అంటే, ఆమె తల ఎత్తకుండానే "ఈ చెయ్యే" అందట. ముడతలు తీసేది, గుంటలు పూడ్చేది, ఎవరికి ఎంత కావాలంటే అంత. మనిషిని తీసెయ్యమని మాత్రం ఎవరడిగినా, "కుదరదండీ" అనేది, అంతే మెత్తగా.

అయిపోయింది, ఇంక నువ్వు లే. కానీ ఒక్క మాట ఒప్పుకో. నీకు పిల్లలు పుట్టాక, లేదా ఎవరైనా ఆ బజారు సంగతి ఎత్తినప్పుడు, ఇది చెప్పు. ఎడమ నుంచి కుడికి చెప్పు, వరస తప్పకు. చీపుర్ల మామ్మ, గుండీలక్క, దువ్వెనలావిడ, పాతబట్టలావిడ, నిమ్మకాయలావిడ, తాళ్ళావిడ, సాన పట్టే వదిన. పెన్సిలమ్మ గురించి చెప్పేటప్పుడు ముద్దొచ్చి ఆమెని మరీ మంచిదాన్ని చేసెయ్యకు. వాళ్ళని తుడిచేసింది కూడా ఆమే అని చెప్పు. తను నాకు అలాగే చెప్పింది.